బాయి పేరు

ఈసారి పెత్రమాసకు మా ఇంటికి వచ్చిన అయ్యగారు కొత్తవాడు. పాతాయనకు మోకాళ్లు పట్టేయడంతో కొడుకును పంపించాడట. పెత్రమాస అంటే భాద్రపదం చివర వచ్చే అమావాస్య. ఆ రోజు మా వైపు చనిపోయినవాళ్ల పేరు మీద చాటలో బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, ఎండు మిరపకాయలు, ఇంత గుమ్మడికాయ ముక్క పెట్టి అయ్యగారికి ఇచ్చుకుంటాం. ఆయన ఒక్కో చాట ముందు పోయినవాళ్ల పేరు చదివి, మన చేత నీళ్లు వదిలించి, మూటలు కట్టుకుని పోతాడు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి వసారాలో ఒక పక్కన చాటలు, ఇంకో పక్కన మనవరాళ్లు కుప్పపోసిన తంగేడు, గునుగు పూలు. పోయినవాళ్లకూ పూలకూ మధ్య నేను పీట వేసుకుని కూర్చున్నాను. ఆ అబ్బాయి మొదటి చాట ఎవరిదని అడిగాడు. మా ఆయనది. నా కోడలు పేరు చెప్పింది. రెండోది మా మామది. అదీ కోడలే చెప్పింది. మూడోదానికి కోడలు ఇంకో పేరు చెబితే, "ఈయన మీకేమయితరమ్మా?" అని నన్ను అడిగాడు. "ఆయన గూడ మామనే అనుకో అయ్యా" అన్నాను. "ఇద్దరు మామలా?" అన్నాడు. "ఏ పేరుకు ఏ మామ వస్తడో నాకు తెల్వది. ఇద్దరికీ పెట్టినం. వాళ్లే పంచుకుంటరు" అన్నాను. ఆ అబ్బాయి నా కోడలి వైపు చూసిన చూపులో, పెద్దామెకు మతి కొంచెం తప్పినట్టుంది అనే మాట స్పష్టంగా ఉంది.

కోడలి చేత పేర్లు చెప్పించడానికి కారణం ఉంది. మా కాలంలో ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పేవాళ్లు కాదు, మామ పేరు అసలే కాదు. నా కోడలు వంటింట్లోంచి నా కొడుకును పేరు పెట్టి కేకేస్తే మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. నాకు ముచ్చటగానే ఉంటుంది కానీ నా నాలుక మాత్రం ఇప్పటికీ తిరగదు. మా అత్తమ్మ అయితే ఇంకా గట్టి మనిషి. పేరే కాదు, పేరుకు దగ్గరగా ఉన్న మాట కూడా అనేది కాదు. సోమవారాన్ని ఆమె "ఐతారం తెల్లారి" అనేది. మల్లెపూలను "తెల్లపూలు" అనేది. సంతలో పూలామెతో ఈ తెల్లపూలు ఏ తెల్లపూలో తేలేసరికి చాలాసేపు పట్టేది. ఒక్క మొగుడికి రెండు మాటలు ఎందుకు విడిచిపెట్టింది అంటే, మా మామకు పేర్లు రెండు. చదివేవాళ్లకు ఆ రెండూ ఈపాటికి తెలిసిపోయే ఉంటాయి. నేను మాత్రం చెప్పలేదని గుర్తుంచుకోండి.

నా పెళ్లి డెబ్బయిల మొదట్లో అయింది. పెద్దపల్లి అవతల వరిపొలాల మధ్యనున్న ఊరి నుంచి గోదావరిఖనిలో క్వార్టర్ల లైనుకు కాపురానికి వచ్చాను. ఒక గది, ఒక వంటిల్లు, ముందు మామ తానే కట్టిన తడక, తడక లోపల కూర్చోవడానికి గడంచె అనే ఒక చెక్క మంచం. పొద్దున లైనంతా బొగ్గుపొయ్యిలు రాజేస్తే ఎదురింటివాళ్ల ముఖం కనిపించేది కాదు. ముక్కు చీదితే నల్లగా వచ్చేది. నాకేదో పెద్ద రోగం వచ్చిందని మొదటి వారం ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను. పెళ్లిలో మా నాయన మామ పేరు ఒకటి చెప్పాడు. ఇక్కడికి వచ్చాక లైన్లో అందరూ ఇంకో పేరుతో పిలిచేవాళ్లు. ముద్దు పేరేమో అనుకున్నాను. బొగ్గు టబ్బుల్లోకి ఎత్తి ఎత్తి భుజాలు వంగిన మనిషికి ముద్దు పేరు ఎవరు పెడతారన్న ఆలోచన రాలేదు. మామ పొట్టి మనిషి, నెమ్మదైనవాడు. షిఫ్టు దిగి వస్తే పళ్లూ కళ్లూ తప్ప ఏమీ తెల్లగా ఉండేవి కావు. ఇంట్లో పేరుతో చుట్టాలెవరైనా పిలిస్తే "ఊఁ" అని మెల్లగా పలికేవాడు. ఆ రెండో పేరుతో పిలిస్తే మాత్రం "ఆఁ" అని కడుపులోంచి గట్టిగా పలికేవాడు. అంత గట్టిగా ఎందుకు మామా అని ఒకసారి నవ్వితే, "బాయిల పిలిస్తే పలకాలె బిడ్డా. పలకకపోతే మనిషి లేడని లెక్క" అన్నాడు. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. నీళ్లు లేని బాయి.

ఆ యేడు ఎండలు ముదిరిన రోజుల్లో, వారం సంత, మా మాటలో అంగడి, జరిగే రోజు మధ్యాహ్నం, నేను తడక దగ్గర ఆరేసిన బట్టల మీది దుమ్ము దులుపుతున్నాను. మామ డ్యూటీలో ఉన్నాడు. మా ఆయన చౌరస్తాలో సైకిళ్ల దుకాణంలో ఉన్నాడు. కిర్రు కిర్రుమని చెప్పుల చప్పుడు వినిపించింది. పొడవాటి మనిషి, నెత్తికి తెల్ల రుమాలు, చేతిలో కర్ర. ఒక్కో క్వార్టర్ ముందు ఆగి, తలుపును పైకీ కిందికీ చూసి, ముందుకు వస్తున్నాడు. మా ముందు ఆగి, అందరూ పిలిచే ఆ రెండో పేరు చెప్పి, "ఇది గాయన ఇల్లేనా?" అన్నాడు. ఔనన్నాను. "నువ్వెవలు?" "కోడల్ని." నన్ను ఒక నిమిషం తేరిపార చూసి నవ్వాడు. ఆ నవ్వులో వెకిలితనం ఏమీ లేదు. ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. "అట్లయితే నాగ్గూడ కోడలువే" అని, తడక తోసుకుని లోపలికి వచ్చి, మామ చెప్పులు విడిచే చోటే చెప్పులు విడిచి, గడంచె మీద మామ కూర్చునే వైపే కూర్చున్నాడు. అత్తమ్మ కొంగు సర్దుకుంటూ వచ్చి ఎవలు, యాడికెళ్లి వచ్చిన్రు అని అడిగింది. మానేరు అవతలి ఊరని చెప్పి, తన పేరు చెప్పాడు. అది మామ రెండో పేరే, ఇంటిపేరుతో సహా. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి గుంజి, తలుపు దగ్గరికి వేసి, దానికి వీపు ఆనించి కూలబడింది. "వచ్చిండు" అంది.

ఆ తలుపు వెనకాలే, గుసగుసగా, అత్తమ్మ నాకు ఇంటి గుట్టు చెప్పింది. బాయిలు కొత్తగా తవ్వుతున్న రోజుల్లో ఆ బయట కూర్చున్న మనిషికి కొలువు దొరికింది. మొదటి రోజు టోపీ, లైటు పెట్టుకుని లోపలికి దిగాడు. కొంత దూరం పోయాక ఆయన లైటు ఆరిపోయింది. కళ్లు మూసినా తెరిచినా ఒకటేలా ఉండే చీకటి. కేక పెట్టి, పడుతూ లేస్తూ పైకి వచ్చి, టోపీ అక్కడే పారేసి, వెనకాల పిలుస్తున్నా ఆగకుండా ఉరికి ఊరికి పోయాడు. మామ అప్పుడు బాయి మీద మట్టి మోసే కూలి. కింద పనివాళ్లను చూసుకునే సర్దార్ ఆ టోపీ తీసి మామ నెత్తిన పెట్టి, "ఇయ్యాల్టి సంది నువ్వే గాయనవు. పిలిస్తే పలుకు" అన్నాడు. మామ పలికాడు. అప్పటి నుంచి అదే ఆయన బాయి పేరయింది. ఆ రోజుల్లో ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కూడా కాదు. మా లైన్లో ఇంట్లో ఒక పేరు, బాయిలో ఒక పేరు ఉన్నవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అయితే ఆ పేర్ల అసలు మనుషులు ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయారు. మా ఇంటికే వచ్చాడు. ఆయన ఆఫీసుకు పోయి, "నేనున్న, లోపల పనిచేస్తున్నోడు వేరే" అని ఒక్క మాట అంటే మామ కొలువు పోతుంది, కొలువుతో పాటే క్వార్టర్ పోతుంది. ఊళ్లో మామకు జానెడు భూమి లేదు. మేమందరం గోదావరి ఒడ్డున చెట్ల కింద ఉండాల్సిందే.

షిఫ్టు దిగి వచ్చిన మామ తడక దగ్గరే నిలబడిపోయాడు. ఆ ఉరికిన రోజు ఒక్కసారే చూసిన ముఖం, అయినా మరిచిపోలేదు. స్నానానికి పెట్టిన నీళ్లు చల్లారిపోతున్నాయి. మామ, "తిన్నవా?" అన్నాడు. "ఏడ తిన్న" అన్నాడు ఆయన. ఇద్దరికీ నేనే వడ్డించాను. జొన్న గటక, పచ్చిపులుసు. గ్లాసు పెట్టేటప్పుడు నీళ్లు తొణికి ఆయన కాలి మీద పడితే, "ఏం గాదు కోడలా" అన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, రుమాలు చుట్టుకుని, కిర్రు కిర్రుమంటూ వెళ్లిపోయాడు. ఏమీ అడగలేదు. ఏదో ఒకటి అడిగినా బాగుండేదని అత్తమ్మ ఆ సాయంత్రమంతా అంటూనే ఉంది.

ఆ తర్వాత ప్రతి అంగడి రోజూ వచ్చేవాడు. ఎక్కువగా మామ డ్యూటీలో ఉన్నప్పుడే, ఆడవాళ్లం ఇద్దరమే ఉన్నప్పుడే. ఎన్నడూ చెయ్యి జారలేదు, మాట జారలేదు. కానీ ఆయన చేసే పనులు చూస్తే భయమేసేది. గది నాలుగు మూలలకూ పోయి గోడలు తట్టి చూసేవాడు. కరెంటు బుగ్గను వేసి, ఆర్పి, మళ్లీ వేసేవాడు. ఒకసారి మామ పాత టోపీ చిలక్కొయ్యకు ఉంటే తీసి నెత్తిన పెట్టుకుని, మా ఆయన గడ్డం గీసుకునే అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. ఇంకోసారి మామ పండే మంచం ఏదని అడిగి దాని మీద వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. నన్ను ప్రశ్నలు అడిగేవాడు. మామకు కూర ఏది ఇష్టం? కోపమొస్తదా? తాగొచ్చి అత్తను కొడతడా? కొట్టడు, ఎన్నడూ కొట్టలేదు అని నేను చెబితే, తనను ఎవరో మెచ్చుకున్నట్టు తలూపేవాడు. మా ఆయన ఒకరోజు సైకిల్ చైను చేతికి చుట్టుకుని వచ్చాడు. మామ అడ్డం నిలబడి, "ఆయన జోలికి పోకు. ఆయన ఒక్క మాటంటే మనం బజార్ల పడుతం" అని చైను గుంజుకున్నాడు. అత్తమ్మ కొమురెల్లి దేవుడికి మొక్కుకుంది. ఆ దేవుడి పేరు కూడా ఆ తెల్లపూల పేరే కాబట్టి, పేరు అనకుండానే "కొమురెల్లి దేవుడా" అని మొక్కుకుంది. ఎవరు మొక్కుకున్నారో దేవుడికి తెలిసిందో లేదో.

ఆ చెప్పుల చప్పుడు వింటే నా చేతిలో పని ఆగిపోయేది. కాపురానికి వచ్చిన కొత్తలో పండగకు మా ఆయన నాకు కిర్రు చెప్పులు కొనిస్తానంటే వద్దని ఏడ్చాను. ఆయనకు అర్థం కాలేదు. ఈ రోజుకూ ఎవరైనా అట్లాంటి చెప్పులు వేసుకుని వస్తే ముందు చేతిలో పని ఆపేస్తాను, తర్వాత సంగతి గుర్తొస్తుంది.

ఒకరోజు మామకు రెండో షిఫ్టు. బయలుదేరే ముందు పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు. ఆయన గడంచె మీద కూర్చుని ఉన్నాడు. మామతో జోడుగా పనిచేసే వెనక లైను బావ ఒకడు వీధిలోంచే బాయి పేరు పెట్టి, "బావా, పోదామా" అని కేకేశాడు. "ఆఁ" అని పెరట్లోంచి మామ పలికాడు. "ఆఁ" అని గడంచె మీది నుంచి ఆయనా పలికాడు. ఒకే మాట, ఒకే క్షణం. ఆ బావ తడక తీసి ఆయన వైపు ఒకసారి, పెరట్లోంచి వచ్చిన మామ వైపు ఒకసారి చూశాడు. ఆయన, "నన్ను గాదా పిలిచింది?" అని నవ్వాడు. మామ ముఖం మీది నీళ్లు తుడుచుకోకుండానే డ్యూటీకి పోయాడు. ఆ రోజు నేను భయపడినంత నా జీవితంలో ఇంకెన్నడూ భయపడలేదు. పేరు కదా, ఏముంది అనుకోవడానికి లేదు. మా అన్నం, మా గోడలు, మా కరెంటు బుగ్గ, అన్నీ ఆ పేరుకే కట్టేసి ఉన్నాయి. ఆ పేరు గడంచె మీద కూర్చుని పలుకుతోంది.

చివరికి మామే అడిగాడు. వానలు మొదలైన రోజులు. ఇద్దరూ తడక లోపల కూర్చుని బీడీలు తాగుతున్నారు. నేను గడప లోపల బియ్యం ఏరుతున్నాను. "ఏం గావాలె నీకు? సాఫ్ సీదా చెప్పు. ఇంట్ల ఆడోళ్లు అన్నం తింటలేరు" అన్నాడు మామ. ఆయన బీడీని నేలకు రాసి ఆర్పాడు. తర్వాత అన్నాడు: "ఏమొద్దు. నేనెట్లున్ననో సూసి పోదామని వస్తున్న." మామకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. లోపల అత్తమ్మ మాత్రం, "పిచ్చోడా? పిచ్చోడయితే ఇంక భయం" అని నా చెవిలో అంది. ఆయన తనంతట తానే ఇంకొంచెం చెప్పాడు. ఆ రోజు ఉరికి పోయాక ఊళ్లో ఆయన పేరు ఎవరూ పిలవలేదట. "బాయిలకెళ్లి ఉరికొచ్చినోడు" అనే అనేవాళ్లట, పిల్లలతో సహా. కట్టుకున్న ఆమె కొన్నాళ్లు చూసి పుట్టింటికి పోయి మళ్లీ రాలేదు. "గా పేరు ఈడ మంచిగనే ఉన్నదట అని ఎవలో చెప్పిన్రు. కొడుకున్నడట, కోడలొచ్చిందట, కరెంటు బుగ్గ ఉన్నదట. ఉరకకుంటే నేనెట్లుంటుంటినో సూద్దామనిపిచ్చింది. గంతే." ఈ మాటలు రాస్తుంటే నాకు ఇప్పుడు ఏడుపొస్తోంది. ఆ రోజు మాత్రం భయమే వేసింది. ఊరికే చూసిపోవడానికి ఇన్నిసార్లు ఎవరొస్తారు అనుకున్నాం.

అప్పటికే మామలో ఒక మార్పు వచ్చింది. బాయి పేరుతో ఎవరైనా పిలిస్తే వెంటనే పలకడం మానేశాడు. ముందు తల తిప్పి గడంచె వైపు చూసేవాడు. అది ఖాళీగా ఉంటే అప్పుడు పలికేవాడు, అదీ "ఊఁ" అని, లోపలికి. నల్లా దగ్గర కూడా రెండుసార్లు పిలవాల్సి వచ్చేది. చెవుడు వచ్చిందా అని లైన్లో ఎగతాళి చేసేవాళ్లు. ఇంట్లో మేము నవ్వలేదు కానీ, అది ఎక్కడికి తీసుకుపోతుందో మాకెవరికీ తోచలేదు.

ఆ వానకాలంలోనే, అంగడి రోజు, సైరన్ వేళ కాని వేళ మోగింది. వేళ కాని వేళ సైరన్ మోగితే లైన్లో ఆడవాళ్లు పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలి బాయి వైపు ఉరుకుతారు. నేనూ అత్తమ్మా కూడా ఉరికాం. సగం దారిలోనే ఎవరో ఆపి దవాఖానకు పొమ్మన్నారు. దవాఖానకు పొమ్మంటే బతికి ఉన్నాడనే అనుకున్నాం. లోపల మామను పడుకోబెట్టి దుప్పటి కప్పారు. పాదాలు బయటికి ఉన్నాయి. ఎవరో పాపం పాదాలు కడిగారు. పెళ్లయి వచ్చాక మామ పాదాలు పనివేళ అంత తెల్లగా ఉండగా నేను చూడలేదు. అత్తమ్మ ఆ పాదాల మీద పడిపోయింది. బయట వరండాలో మామ జోడు బావ తల బాదుకుంటూ వచ్చినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాడు: "పైకప్పు చప్పుడైంది. నేను సూసిన. పేరు పెట్టి పిలిచిన, ఇటు దుంకు అని. పలకలే. మల్ల పిలిచిన. అటు ఇటు సూసిండు, ఇంకెవర్నో పిలుస్తున్నట్టు. గంతల్నే కూలింది." ఈ మాటలు విన్నవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. అంగడి రోజు కదా, మా ఇంటికి వచ్చి, ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లను అడిగి దవాఖానకు వచ్చాడు. ఆ మాట విన్నాక ఆయన ముఖం నేను చూశాను. గోడను పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయాడు. రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఆ క్షణాన ఆయనను చంపేయాలన్నంత కోపంతో ఉన్నాను. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ దాని వయసు ఒక్క జామే.

మధ్యాహ్నం తిరిగేసరికి ఆఫీసు నుంచి ఒక సాబ్ వచ్చాడు. పోయినవాడి వివరం ఇంటివాళ్లను అడిగి పోవాలి. కొడుక్కి కొలువు వస్తుంది, క్వార్టర్ ఉంటుంది, భయపడకండని మెత్తగానే చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే మామ అక్క, కబురు అంది, ఊరి నుంచి బస్సు దిగి వచ్చింది. ముసలామె, తమ్ముడిని ఎత్తుకుని పెంచిన మనిషి. వస్తూనే గేటు దగ్గరి నుంచే పేరు పెట్టి శోకాలు మొదలుపెట్టింది. బాయి పేరు ఆమెకేం తెలుసు? ఇంట్లో పేరే. సోమవారపు పేరే. "ఓ నా తమ్మీ, ఏడున్నవ్ రా, ఒక్కసారి పలుకు రా" అని ఆ పేరు పెట్టి పిలుస్తూ, ఏడుస్తూ వస్తోంది. సాబ్ తలెత్తాడు. "ఈ పేరేంది? సచ్చిపోయిన మనిషి పేరు వేరే గదా?" అన్నాడు. వరండా అంతా చప్పుడు ఆగిపోయింది. లైన్లోవాళ్లందరూ అక్కడే ఉన్నారు. తమకూ రెండేసి పేర్లున్న మగవాళ్లు నేల చూపులు చూస్తున్నారు. ముసలామె మళ్లీ పిలిచింది, పలుకు రా అని.

"ఆఁ" అని వినిపించింది.

గోడ దగ్గరి నుంచి ఆయన లేచి వస్తున్నాడు, కిర్రు కిర్రుమంటూ. "ఆఁ, ఈడనే ఉన్న అక్కా. నేను బతికే ఉన్న" అంటూ ముసలామె చేతులు రెండూ పట్టుకున్నాడు. సాబ్ వైపు తిరిగి, "గా పేరు నాది సాబ్. నా అక్క. నేనే సచ్చిన అనుకుని ఏడుస్తున్నది" అన్నాడు. ఆమె ఏడుపు ఆపి ఆయన ముఖంలోకి చూసింది. ఎన్నడూ చూడని ముఖం. ఆమె ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె ఆయన వెనకాల మంచం మీది దుప్పటి చూసింది, బయటికి ఉన్న పాదాలు చూసింది, నేల మీదున్న అత్తమ్మను చూసింది. మళ్లీ ఆయనను చూసింది. ఏం అర్థమైందో ఆమెకే తెలియాలి. "ఓ నా తమ్మీ" అని ఆయన మెడను కరుచుకుని, ఇందాకటి కంటే ఎక్కువ ఏడ్చింది. సాబ్ అత్తమ్మ దగ్గరికి వంగి, "అమ్మా, నీ పెనిమిటి పేరేంది?" అని అడిగాడు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కనే గోతిలాంటి ఆపద ఉన్నా ఆమె ఏ పేరూ అనదు. ఆయనే అన్నాడు: "ఆడోళ్లు పెనిమిటి పేరు చెప్పరు సాబ్. నేను చెప్తున్న." అని, తన పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. సాబ్ తలూపి వెళ్లిపోయాడు. ఒక మనిషి బతికుండగానే తన పేరును చనిపోయినవాళ్లలో కలిపేశాడని ఆ సాబ్‌కు తెలియదు.

కర్మలు అయ్యేదాకా ఆయన ఎక్కడ పడుకున్నాడో మాకు తెలియదు. చివరి రోజు వచ్చి గడంచె మీద కాకుండా కింద, తడక మూలన కూర్చున్నాడు. అత్తమ్మ లోపలికి వచ్చి నాతో, "ముందుగాల ఆయనకు పెట్టు" అంది. చుట్టాల కంటే ముందు ఆయనకు విస్తరి వేశాను. ఆయన తలెత్తకుండా తిన్నాడు. సాయంత్రం మామ అక్క మూట సర్దుకుని లేచి, అందరూ వింటుండగా తమ్ముడి పేరు పెట్టి పిలిచి, "పోదాం పా, బర్లు ఎదురు సూస్తయి" అంది. ఆయన "ఆఁ" అని లేచాడు. పోతూ పోతూ నా ముందు ఆగి, "సల్లగుండు కోడలా" అన్నాడు. నాక్కూడా నువ్వు కోడలివే అని మొదటి రోజు ఆయన అన్న మాట అప్పుడు గుర్తొచ్చి, పెళ్లయి వచ్చాక మొదటిసారి ఒక పరాయి మనిషి కాళ్లకు దండం పెట్టాను.

ఆయన మామ అక్క దగ్గరే ఉండిపోయాడు. అది ఆమె అత్తగారి ఊరు కాబట్టి అక్కడ మామను చిన్నప్పుడు చూసినవాళ్లు లేరు. బర్రెలు కాశాడు, ఆమెకు కళ్లు కనిపించకుండా పోయాక వండి పెట్టాడు. అందరూ ఆయనను మామ పేరుతోనే పిలిచేవాళ్లు, ఆయన పలికేవాడు. తన ఊరికి మళ్లీ ఎన్నడూ పోలేదు. ఆ ఊళ్లో మాత్రం ఒక మాట పాకిందట, బాయిలకెళ్లి ఉరికొచ్చినోడు మళ్లీ బాయిలకు పోయి, పనిచేస్తూ పనిచేస్తూనే సచ్చిపోయిండు అని. ఆ మాట అనేటప్పుడు వాళ్లు ఆయనను పేరు పెట్టే అనేవాళ్లట. ఇది నేను పెద్దపల్లి బస్సులో ఆ ఊరి మనిషి నోట విన్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా ఆయనకు కొలువు వచ్చింది, ఆ కొలువే మా పిల్లల్ని పెంచింది. మా ఆయన రిటైరైన రోజు దండ వేసి మైకులో చదివినప్పుడు కూడా తండ్రి పేరని ఆ బాయి పేరే చదివారు. నాకు పక్కన ఎవరో నవ్వి తలూపినట్టనిపించింది. అప్పటికి ఆ పేరు అసలు మనిషి పోయి చాలా కాలమైంది. మామ అక్క ఊరి వాగు ఒడ్డున మామ పేరుతోనే ఆయనను కాల్చారు.

మామ పోయిన యేడు మొదటి పెత్రమాసకే అత్తమ్మ రెండు చాటలు పెట్టింది. "ఇంకో ఆయన బతికే ఉన్నడు గద అత్తమ్మా?" అన్నాను. ఆమె చాటలో ఉప్పు పెడుతూ, "పేరు సచ్చింది గద బిడ్డా. దానికి పెట్టద్దా" అంది. ఆ తర్వాత ఆ మనిషి కూడా పోయాక, ఏ పేరు మీద పెడితే ఎవరికి అందుతుందో ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. అత్తమ్మ తాను పోయేదాకా సోమవారాన్ని ఐతారం తెల్లారి అనే అంది, మల్లెపూలను తెల్లపూలనే అంది. ఇద్దరికీ ఆమె చివరిదాకా మర్యాద తప్పలేదు.

కొత్త అయ్యగారు నా మాటను నమ్మాడో లేదో కానీ మూడో చాట ముందు కూర్చుని ఆ పేరు గట్టిగానే చదివాడు. నేను నీళ్లు వదలకుండా ఒక్క క్షణం ఆగాను. "పోయమ్మా" అని ఆయన అనాల్సి వచ్చింది. ఆ పేరు పిలిస్తే బయట గడంచె మీది నుంచి ఎవరు పలుకుతారో అని కొత్త కోడలిగా గడప వెనకాల గుండె చేత పట్టుకుని కూర్చున్నదాన్ని నేనే. ఇన్నేళ్లకు, ఒక్కసారి పలికితే బాగుండునని చెవి ఒగ్గి కూర్చున్నదాన్నీ నేనే.